శిక్షణ ముగిసిన మర్నాడు

కొండాపురంలో నడిరేయి పసిబిడ్డకు ఒళ్ళు కాలిపోతుంటే తల్లి నోట వచ్చే మొదటి మాట "యాడికి పోవల్ల?" తాడిపత్రి ఒక దిక్కు, జమ్మలమడుగు ఒక దిక్కు. చేతిలో డబ్బుంటే ప్రొద్దుటూరు, చుట్టాలుంటే పులివెందుల. మరీ గట్టి జబ్బయితే రాయవేలూరు. ఏ దిక్కుకు పోవాలన్నా అంతకుముందే తేలవలసిన సంగతి ఒకటుంది. ఇది పొద్దు పొడిచేదాకా ఆగే జ్వరమా, ఇప్పుడే ఆటో పిలవాల్సిన జ్వరమా? బిడ్డ పక్కలెగరేస్తోందా, పాలు తాగుతోందా, మాటిమాటికీ మగతలోకి జారుతోందా అని చూసి ఆ సంగతి చెప్పగలిగిన ఆడమనిషి అదే వీధిలో ఉంటే తల్లికి సగం భయం తీరుతుంది.

ఆ ఆడమనిషిని తయారుచేయడం ఎట్లా అన్న ప్రశ్నకు మన సీమలో నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. మొదట క్రైస్తవ మిషన్లు ఎత్తుకున్నాయి, తర్వాత స్వచ్ఛంద సంస్థలు, ఇప్పుడు సర్కారు. ఎవరు ఎత్తుకున్నా నివేదికల్లో ముందుగా కనిపించే లెక్క ఒకటే: ఎంతమందికి శిక్షణ ఇచ్చాం. ఈ కథంతా చదివాక నాకు వేరే లెక్క కావాలనిపించింది. శిక్షణ ముగిసిన మర్నాటి నుంచి ఆమెను ఎవరు పలకరించారు? ఆమెకు తెలియనిది ఎదురైతే ఎవర్ని అడిగింది? ఆ చూపుతోనే ఈ సమీక్ష.

మంత్రసాని చేతిలో

మిషన్లు వచ్చేనాటికి పల్లెలో వైద్యం తెలిసిన ఆడవాళ్ళు లేరనుకుంటే పొరపాటు. మంత్రసాని ఉంది. చాలా ఊళ్ళలో ఆమె మంగలి, చాకలి ఇళ్ళ మనిషి, లేదా మాలమాదిగ పల్లెల మనిషి. ఉమ్మనీరు పోయినప్పటి నుంచి మాయ పడి, బొడ్డు కోసి, పురిటి గుడ్డలు ఉతికేదాకా అంతా ఆమె పనే. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్న సామెత ఆ పనిలోంచి పుట్టింది. సామెత పైపొరలో ఓర్పు ఉంది, అడుగున అంటు ఉంది. రక్తం, మైల ముట్టుకునే పని కనుక దాన్ని కింది కులాలకు వదిలారు. ముట్టుకుంది కనుక మళ్ళీ ఆమెనే దూరం పెట్టారు. కూలి కింద దక్కేది గింజలు, పాత చీర.

ఆ చేతుల్లో అనుభవం ఉంది, దాంతోపాటు హానీ ఉంది. దొరికిన కొడవలితో బొడ్డు కోయడం, కోసినచోట బూడిద అద్దడం, ఆ పుండు నుంచి పసిగుడ్డుకు ధనుర్వాతం రావడం, ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయడం, పత్యం పేరిట బాలింత కడుపు మాడ్చడం. ఇవి మంత్రసాని ఒక్కదాని తప్పులు కావు. ఊరంతా నమ్మినవాటిని ఆమె తన చేతులతో చేసింది.

ఆమెకు పాఠాలు చెబితే సరిపోతుందని మొదట తలచినవాళ్ళు ఉన్నారు. అమృత్‌సర్‌లో 1866లోనే మంత్రసానుల బడి మొదలైంది. 1903లో లేడీ కర్జన్ ఆధ్వర్యంలో విక్టోరియా స్మారక నిధి ఇదే పనికి పుట్టింది. స్వతంత్రం వచ్చాక సర్కారూ దశాబ్దాల తరబడి మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, కొత్త బ్లేడు, దారం, సబ్బు ఉన్న సంచులు పంచింది. ధనుర్వాతం తగ్గడంలో శుభ్రమైన బ్లేడుకూ, గర్భిణులకు వేసిన టీటీ సూదికీ పెద్ద వాటా ఉంది. కానీ కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఎంత శిక్షణ పొందిన మంత్రసానైనా చేయగలిగింది తక్కువ. రక్తం ఎక్కించే ఆస్పత్రి అందుబాటులో లేనిచోట ఆమె పాఠం అక్కడికే ఆగిపోతుంది. అందుకే 1990ల చివరికి ప్రపంచమంతా మంత్రసాని శిక్షణను పక్కనపెట్టి ఆస్పత్రి కాన్పు వైపు మళ్ళింది. ఇంటి గుమ్మంలో ఉన్న మనిషికీ ఆస్పత్రికీ మధ్య తాడు తెగితే ఇద్దరి పనీ సగమేనన్నది ఇక్కడ మొదటి పాఠం.

జమ్మలమడుగు ఆస్పత్రి

లండన్ మిషనరీ సొసైటీవాళ్ళు 1805లో విశాఖపట్నంలో దిగారు, 1822కు కడప చేరారు. తొలి దశాబ్దాల్లో వాళ్ళ పని ఎక్కువగా బడి, ప్రార్థన, పుస్తకాల చుట్టూ తిరిగింది. వైద్యం ఆలస్యంగా వచ్చింది. 1890ల్లో డాక్టర్ టి.వి. క్యాంబెల్ జమ్మలమడుగులో ఆస్పత్రి మొదలుపెట్టారు. ఇప్పటికీ అది ఆయన పేరుతోనే ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆస్పత్రి ఆ సంఘం కిందికి వచ్చింది. పెన్నా ఒడ్డున రేగడి పొలాల మధ్య, పెద్ద పట్టణాలకు ఎడంగా ఉన్న తాలూకాకు అది చాలాకాలం పెద్ద దిక్కు. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎంబీబీఎస్ ముగించాక కొన్నాళ్ళు వైద్యాధికారిగా పనిచేసింది ఈ జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలోనే. 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆస్పత్రి పెట్టింది ఆ తర్వాతి మాట. 

తెలుగు నేల మీద మిషన్ వైద్యం చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీదుగా నడిచింది. లూథరన్ మిషన్ డాక్టర్ ఆనా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె కట్టించిన ఆడవాళ్ళ ఆస్పత్రి 1898లో తెరుచుకుంది. 1915లో ఇసబెల్ కెర్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆశ్రమం మొదలుపెట్టారు. అదే ఏడాది మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి తెరిచారు. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చిన సన్యాసిని డాక్టర్ మేరీ గ్లౌరీ స్థానిక ఆడపిల్లలకు మందులు కలపడం, కాన్పు చేయడం, రోగిని చూసుకోవడం నేర్పారు. 1943లో కతోలిక ఆస్పత్రుల సంఘాన్ని ఆమే స్థాపించారు. ఇవాళ ఆ సంఘం కేంద్రం సికింద్రాబాదులో ఉంది.

మగ డాక్టరుకు చూపించుకోని ఆడవాళ్ళ కోసం ఆడ డాక్టర్లు వచ్చారు. వాళ్ళకు చేదోడుగా నర్సులు కావాల్సి వచ్చింది. పరాయి మగవాళ్ళ ఒళ్ళు ముట్టుకునే ఉద్యోగమని పై కులాలు ఆ పనిని చిన్నచూపు చూశాయి. దాంతో మిషన్ హాస్టళ్ళలో చదివిన దళిత క్రైస్తవ పిల్లలు, వితంతువులు, కరవుల్లో దిక్కులేనివాళ్ళయిన పిల్లలు మొదటి నర్సులయ్యారు. ఇంటింటికీ తిరిగి చదివి వినిపించే బైబిలు స్త్రీలు కొన్ని మిషన్లలో మందుల సంచీ కూడా మోశారు. రాయడం, చదవడం, థర్మామీటరు చూడడం, రాత్రి డ్యూటీకి ఒంటరిగా నడిచిపోవడం: మాలపల్లె ఆడపిల్లకు ఇవన్నీ ఒకేసారి దక్కాయి. ఈ మేలును తక్కువ చేసి చెప్పలేం.

అయితే ఈ శిక్షణ ఎవరికోసం మొదలైందో వాళ్ళకు దూరమైంది. నర్సయిన పిల్ల తిరిగి పల్లెకు రాలేదు. జీతం ఉన్నది ఆస్పత్రిలో, ఆస్పత్రి ఉన్నది పట్టణంలో. ఇది ఆమె తప్పు కాదు. కూలి బతుకు నుంచి బయటపడ్డ పిల్లను మళ్ళీ అదే వాడలో ఉండమనే హక్కు ఎవరికీ లేదు. ఫలితం మాత్రం ఇదీ: మిషన్లు వేలమంది ఆడవాళ్ళను తీర్చిదిద్దాయి, పల్లెకు ఒక్క మనిషి కూడా మిగల్లేదు.

ఆస్పత్రి గోడ దాటిన ఆలోచన

ఈ చిక్కు మొదట గుర్తించింది మిషన్ డాక్టర్లే. వేలూరులో ఐడా స్కడర్ 1902లో ఆస్పత్రి తెరిచిన కొన్నేళ్ళకే బండిలో మందులు వేసుకుని రోడ్డు పక్కన చెట్ల కింద వైద్యం మొదలుపెట్టారు. ఆ ఆస్పత్రి నుంచి ఎదిగిన వైద్య కళాశాలే 1977లో కె.వి. కుప్పంలో గ్రామీణ ఆరోగ్య విభాగం పెట్టింది. 1968లో జెనీవాలో చర్చిల ప్రపంచ మండలి క్రైస్తవ వైద్య కమిషన్‌ను నియమించింది. చర్చిలు పెట్టే వైద్యపు ఖర్చులో అత్యధిక భాగం ఆస్పత్రి గోడల లోపలే అయిపోతోందని, గోడ బయట ఉన్న రోగానికి ఏమీ మిగలడం లేదని ఆ కమిషన్ బాహాటంగా ఒప్పుకుంది.

దానికి జవాబు మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ నుంచి వచ్చింది. వేలూరులో చదువుకున్న రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో ఆ కరవు ప్రాంతానికి వెళ్ళారు. జొన్న పైరు, ఎండిన బావులు, వలస బతుకు, అంటరానితనం: జామ్‌ఖేడ్ గురించి చదువుతుంటే కొండాపురం, ముద్దనూరు పల్లెలే కళ్ళ ముందు కదులుతాయి. మొదట వాళ్ళూ అందరిలాగే శిక్షణ పొందిన నర్సులను పల్లెల్లో పెట్టారు. అది నిలవలేదు. పట్నం పిల్ల పల్లెలో ఒంటరిగా ఉండలేకపోయింది, ఊరు ఆమెను నమ్మలేదు. అప్పుడు ఊరినే అడిగారు: మీలోంచి ఒక ఆమెను పంపండి. వచ్చినవాళ్ళలో చాలామందికి అక్షరం ముక్క రాదు. నడివయసు దాటినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, దళితులు. వాళ్ళకు పోయే చోటు లేదు కనుక ఊళ్ళో ఉంటారు. పిల్లల్ని కన్నారు కనుక మాట చెల్లుతుంది.

ఈ పద్ధతి నిలబడ్డ గుట్టు శిక్షణ ఎన్నాళ్ళు అన్నదాంట్లో లేదు. దాన్ని ఎన్నడూ ముగించకపోవడంలో ఉంది. వారానికోసారి అందరూ జామ్‌ఖేడ్‌కు వచ్చి, రాత్రి అక్కడే ఉండి, ఆ వారం ఊళ్ళో ఎదురైన కేసులు చెప్పుకునేవారు. ఒకామె విరేచనాల బిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు పట్టి బతికించిన సంగతి చెబుతుంది. ఇంకొకామె తన చేతుల్లో పోయిన బిడ్డ గురించి చెప్పి ఏడుస్తుంది. డాక్టరు అక్కడే ఉంటారు, తప్పెక్కడ జరిగిందో అందరి ముందే విడమరుస్తారు. మరునాడు ఊరికి పోయేటప్పుడు సంచీలో మందులతోపాటు కొత్త సంగతొకటి ఉంటుంది. ఒకే చాప మీద పడుకుని, ఒకే పళ్ళెంలో తిన్నాక కులం పట్టు కూడా సడలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో అచ్చువేసిన పుస్తకంలో జామ్‌ఖేడ్ అనుభవానికి చోటు దక్కింది. 1978 సెప్టెంబరులో అల్మా అటాలో అందరికీ ఆరోగ్యం అన్న ప్రకటన వచ్చినప్పుడు దాని వెనక ఉన్న అనుభవాల్లో ఇదొకటి.

మన పక్కనే అనంతపురంలో ఇంకొక దారి కనిపిస్తుంది. స్పెయిన్ నుంచి జెసూట్ సన్యాసిగా వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ గ్రామీణాభివృద్ధి సంస్థను మొదలుపెట్టారు, ఆ వెంటనే సభ వదిలి గృహస్థుడయ్యారు. సంస్థకు మతంతో పనిలేదు. పల్లె ఆడవాళ్ళనే ఆరోగ్య కార్యకర్తలుగా నిలిపి, వాళ్ళకు దన్నుగా బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆస్పత్రులు కట్టింది. కొండాపురం మనిషికి బత్తలపల్లి ఆస్పత్రి పేరు కొత్తేమీ కాదు. ఇక్కడా నిలిచిన సూత్రం అదే: వీధిలో మనిషి, ఆమె వెనక ఆస్పత్రి.

సర్కారు అందుకున్న తీరు

1977 అక్టోబరు 2న కేంద్రం ఊరికో ఆరోగ్య కార్యకర్త పథకం మొదలుపెట్టింది. వెయ్యిమంది జనాభాకు ఒకరు, మూణ్ణెల్ల శిక్షణ, నెలకు 50 రూపాయలు, ఇంకో 50 రూపాయల మందులు. ఎంపిక రాజకీయమైపోయి మగవాళ్ళే ఎక్కువగా వచ్చారు. గర్భిణి ఇంటి గడప దాటి లోపలికి పోలేని మగ కార్యకర్త సూదిమందుల డాక్టరు అవతారమెత్తాడు. పేరు మార్చినా పథకం ప్రాణం పోసుకోలేదు. 2002లో కేంద్రం డబ్బు ఆపేసింది.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త వచ్చింది. ఈసారి పాత తప్పులు చాలా దిద్దుకున్నారు. ఆడమనిషే కావాలి, ఆ ఊళ్ళోనే కాపురం ఉండాలి, 25 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉండాలి. ఊరి మనిషిని ఊరికే అన్న జామ్‌ఖేడ్ ఆలోచన దేశమంతటా పాకింది. కానీ ఎనిమిదో తరగతి చదువు షరతు పెట్టగానే జామ్‌ఖేడ్‌లో నిలబడ్డ నడివయసు, చదువురాని ఆడది జాబితాలోంచి తప్పుకుంది. వారం వారం కలిసే పాఠం 23 రోజుల శిక్షణగా మారింది. తర్వాత మరికొన్ని విడతలు కలిపారు కానీ ముగిసే శిక్షణే అది. జీతం స్థానంలో పనికింత ప్రోత్సాహకం వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆశాల గౌరవ వేతనం నెలకు 10,000 రూపాయలు చేశారు. 2025లో గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు, 62 ఏళ్ళ దాకా కొనసాగింపు ఒప్పుకున్నారు. ఇవన్నీ ధర్నాల్లో, రోడ్ల మీద ఎండలో కూర్చుని గెలుచుకున్నవి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ పురస్కారం ఇచ్చింది. కొవిడ్ రోజుల్లో ఇంటింటికీ తిరిగింది వాళ్ళే కనుక అది న్యాయమే.

లెక్కలు ఏమంటున్నాయి

పల్లె ఆడమనిషి ప్రాణాలు కాపాడగలదా అన్న అనుమానం ఇక పెట్టుకోనక్కరలేదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్ళకు పసిగుడ్డు సంరక్షణ నేర్పారు: బిడ్డను వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కించడం, చీము జ్వరం గుర్తుపట్టి సూదిమందు ఇవ్వడం. 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఫలితం ప్రకారం నెలలోపు పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయి. జామ్‌ఖేడ్ పల్లెలను చుట్టుపక్కల పల్లెలతో పోల్చి చూసిన 2010 అధ్యయనంలో అయిదేళ్ళలోపు పిల్లల మరణాల ముప్పు దాదాపు 30 శాతం తక్కువని తేలింది. అదే ఏడాది జార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చిన ఇంకో పరిశోధన మందులు లేకుండానే ఆశ్చర్యపరిచింది. ఒక స్థానిక మహిళ నెలకోసారి ఆడవాళ్ళను కూర్చోబెట్టి కాన్పు కష్టాల గురించి మాట్లాడించినచోట పసికందుల మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి.

ఈ మూడు చోట్లా కార్యకర్తలు ఒంటరిగా లేరు. గడ్చిరోలిలో పర్యవేక్షకురాలు పదిహేను రోజులకోసారి ఊరికి వచ్చేది. జామ్‌ఖేడ్‌లో కార్యకర్తే వారానికోసారి పోయేది. జార్ఖండ్‌లో ఊరి ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ కూర్చున్నారు. శిక్షణ రోజుల లెక్క మూడు చోట్లా వేరు, మళ్ళీ మళ్ళీ కలవడం మూడు చోట్లా ఒకటే. గడ్చిరోలి పద్ధతి సర్కారు పథకంలోకి వచ్చినప్పుడు ఆశా పసికందు ఇంటికి ఆరేడుసార్లు పోవాలన్న నియమం వచ్చింది. ఆ ఆశా దగ్గరికి ఎవరు ఎన్నిసార్లు రావాలన్నది అంతే గట్టిగా రాలేదు.

మిషన్ పనిలోని చిక్కులు

మిషన్ల దారిలో ముళ్ళు లేవని చెప్పలేం. మొదటిది నమ్మకం సంగతి. ఆస్పత్రిలో ప్రార్థన, మందుతోపాటు మాట, ఇవి చూసి మతం మార్చడానికే వైద్యమన్న అనుమానం ఊళ్ళో పుట్టింది. ఆ అనుమానానికి కొంతవరకు మిషన్ల పాత రాతలే ఆధారం. అయినా కాన్పుకు జమ్మలమడుగు పోయిన రెడ్డి ఇంటి కోడలు, శెట్టి ఇంటి కోడలు మతం మార్చుకుని రాలేదు, బిడ్డతో వచ్చారు. ఊరు ఆ తేడా చూస్తుంది. కార్యకర్త ఏ గుడికి పోతుందన్నది ఊరికి అడ్డం కావడం తక్కువ, ఆమె కులం అడ్డం కావడం ఎక్కువ. క్రైస్తవ వాడల నుంచి వచ్చిన ఆమెను పెద్దింటివాళ్ళు వసారా దాటి రానిచ్చేవారు కాదు. బిడ్డకు మూర్ఛ వచ్చిన రాత్రి ఆ వసారా ఒక్కసారిగా మాయమయ్యేది.

రెండో చిక్కు డబ్బు. సముద్రం అవతలి నుంచి వచ్చే విరాళాల మీద నడిచిన పని, విరాళం ఆగిన నాడు ఆగింది. 1976లో మొదలై 2010లో, 2020లో బిగుసుకున్న విదేశీ విరాళాల చట్టం తర్వాత చిన్న మిషన్ సంస్థలు ఈ దారిలో నడవడం కష్టమైంది. ప్రాజెక్టు మూడేళ్ళు, అయిదేళ్ళు. పల్లె ఆడమనిషి మాత్రం ముప్ఫై ఏళ్ళు అదే వీధిలో ఉంటుంది. ప్రాజెక్టు ముగిశాక ఆమె దగ్గర ఫొటో పెట్టిన సర్టిఫికెట్టు, ఖాళీ అయిన మందుల డబ్బా మిగులుతాయి. ఊళ్ళోవాళ్ళు మాత్రం రాత్రిపూట తలుపు తట్టడం మానరు.

మూడోది జీతం. సేవ అన్న మాట కింద మిషన్లూ సర్కారూ ఒకే తప్పు చేశాయి. శనగ పీకే కాలంలో, మిరప కోతల కాలంలో ఒక రోజు పని పోతే ఆ ఇంట్లో ఆ రోజు కూలి పోయినట్టే. కూలి పోగొట్టుకుని సేవ చేయమని అడగడం పేదరాలి జేబులోంచి విరాళం తీసుకోవడం.

ఇవాళ్టి కొండాపురం

పాత ప్రశ్నకు ఇప్పుడు కొత్త ఊరు వచ్చింది. 26.85 టీఎంసీల గండికోట జలాశయం కింద కొండాపురం, ముద్దనూరు మండలాల పల్లెలు ముంపులోకి పోయాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదిలి పోవాల్సి వచ్చింది. కార్యకర్త ఆస్తి ఆమెకు తెలిసిన వీధి. ఏ ఇంట్లో ఏడో నెల చూలాలు ఉందో, ఏ ముసలాయన బీపీ గోలీలు మింగడం మానేశాడో, ఎవరి కోడలు తిండి తినకుండా ముడుచుకుని పడుకుందో ఆమె నెత్తిలోనే ఉంటుంది. పునరావాస కాలనీల్లో వరసలు మారిపోయి, పక్కిల్లు ఎవరిదో తెలియని నాడు ఆ రిజిస్టరు మొదటి పేజీ నుంచి మళ్ళీ రాయాలి.

రోగాలూ మారాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆస్పత్రుల్లోనే. మంత్రసానితనం దాదాపు అయిపోయింది. కానీ అదే సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత, కాన్పుల్లో నూటికి 42.4 ఆపరేషన్లు, ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 63. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29.3 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళి. కాన్పు చేయడం రాకపోయినా ఈ లెక్కల మీద పనిచేయగలిగేది ఊళ్ళో ఉన్న ఆడమనిషే. ఐరన్ గోలీలు పంచడం సులువు. కడుపులో వికారమని మానేసిన కోడలిని కూర్చోబెట్టి, అన్నం తిన్నాక వేసుకోమని చెప్పి, మళ్ళీ వారం వచ్చి చూడడం కష్టం. పదహారేళ్ళ పిల్లకు సంబంధం చూస్తున్న ఇంట్లో మెల్లగా మాట కదపడం ఇంకా కష్టం. 30 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ బీపీ, షుగర్ చూడాలన్న పని కూడా ఆమె మీదికే వచ్చింది.

ఇంత పనికి ఆమె చేతిలో ఎక్కువగా కనిపించేది సెల్‌ఫోను. యాప్‌లో ఎక్కించిన అంకె పైకి పోతుంది. పై నుంచి కిందికి వచ్చేది ఇంకో ఫారం. ఆమెకు అర్థంకాని కేసు గురించి కూర్చుని మాట్లాడే మనిషి ఆ దారిలో రాడు. మిషన్లు చేసి చూపి, సర్కారు తీసుకోకుండా వదిలేసిన ముక్క ఇదే.

తీర్పు

మొత్తం కథను కూడగడితే నాకు తోచింది ఇది. మిషన్లు మనకిచ్చిన పెద్ద సంగతి మందు కాదు, ఆస్పత్రి కట్టడమూ కాదు. మాలపల్లె ఆడపిల్లకూ, అక్షరం రాని ముసలమ్మకూ వైద్యం నేర్పవచ్చన్న ధైర్యం. వాళ్ళు చేసిన పెద్ద పొరపాటు ఆ ధైర్యాన్ని విరాళాల కాలపరిమితికి కట్టేయడం. సర్కారు ధైర్యాన్ని తీసుకుంది, కాలపరిమితి తీసేసింది, జీతం కొంత ఇచ్చింది, కానీ వారంవారం పాఠాన్ని మరిచిపోయింది. రెంటినీ కలపడం మాత్రమే మిగిలి ఉంది.

జమ్మలమడుగులో నూరేళ్ళు దాటిన ఆస్పత్రి ఇంకా నిలబడి ఉంది. ప్రొద్దుటూరులో, పులివెందులలో సర్కారు ఆస్పత్రులున్నాయి, కడపలో 2006 నుంచి వైద్య కళాశాల ఉంది. కొండాపురం మండలంలో ఆశాలున్నారు. కొత్త పథకం అక్కర్లేదు. పదిహేను రోజులకు ఒక దినం, ఒక గది, పాఠం చెప్పే ఒక నర్సమ్మ, ఒక పూట భోజనం చాలు. అక్కడ ఫారాలు అడగకూడదు. ఈ పదిహేను రోజుల్లో నీకు భయం వేసిన కేసు ఏదమ్మా అని మాత్రమే అడగాలి. మిషన్ ఆస్పత్రివాళ్ళు గది ఇచ్చినా, మండల వైద్యాధికారి దినం ఖరారు చేసినా, ఊరి సంఘాలు భోజనం పెట్టినా సరే. ఎవరు పెట్టినా మధ్యలో ఆపకూడదన్నది ఒక్కటే షరతు.

రావడానికి వాళ్ళకు దారి ఖర్చు కూడా లేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు.